తొర్గిన్ చేయి పడిన కార్డు

బొగ్గుగనుల ఊరు కరగండాలో, బజారు రెండో అంతస్తులో తొర్గిన్ కోప్పడని రోజంటూ ఉండేది కాదు. ఆమె గొంతు మెట్ల దాకా వినిపించేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడో కొట్లాట జరుగుతోందనుకుని మెట్ల మీదే ఆగిపోయేవారు. "కొట్లాట కాదండీ, అక్కడ కంప్యూటర్లు బాగుచేస్తారు, వెళ్ళండి" అని వాళ్ళను పంపించడం, పక్క కొట్లో ఛార్జర్లూ ఫోను కవర్లూ అమ్ముకునే నా పని.

ఒకసారి మంచి ఉన్నికోటు వేసుకున్న ఒకాయన ఆమె బల్ల ముందు నిలబడి, ఆమె తల మీదుగా వెనక్కి చూస్తూ, "బాగుచేసేవాడు లేడా?" అన్నాడు.

"లేడు. పోయాడు," అంది తొర్గిన్.

"అయ్యో! ఎప్పుడు?"

"మీరు నోరు తెరిచినప్పుడు. ఇటివ్వండి, దానికేం రోగమో చూస్తాను."

ఆయన నవ్వలేదు. కంప్యూటర్ మాత్రం ఇచ్చాడు.

తొర్గిన్ తండ్రి టీవీలు బాగుచేసేవాడు. మేమంతా ఒకప్పుడు ఉన్న పెద్ద దేశం ముక్కలైపోయి, బొగ్గుగనుల్లో జీతాలు ఆగిపోయి, ఊళ్ళో సగం మంది ఇంట్లో సామాన్లు రోడ్డు మీద పెట్టి అమ్ముకుంటున్న రోజుల్లో కూడా వాళ్ళింట్లో పొయ్యి ఆరలేదు. జనం మాంసం మానేశారు గానీ టీవీ మానలేదు. ఆయన పక్కన కూర్చునే ఆమె సోల్డరింగ్ నేర్చుకుంది. తిట్లు కూడా ఆయన దగ్గరే నేర్చుకుందని నా అనుమానం. భర్త కైరొల్లా బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. ఆ ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆమే మాట్లాడేది.

ఒక శరదృతువులో ఫ్ల్యూరా అనే తతార్ ఆడమనిషి చేతిసంచిలో ఒక గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని వచ్చింది. ఆమె భర్త ఇల్దూస్‌కు గని ప్రమాదంలో రెండు కాళ్ళూ పోయాయి. మూడో అంతస్తు ఫ్లాటులో చక్రాల కుర్చీలో కూర్చుని, ఊళ్ళో జరిగే పెళ్ళిళ్ళ వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి ఇస్తుండేవాడు.

"ఇది కొన్నాం అక్కా. ఉన్నవాటిలో ఇదే చవక. వీడియో పెడితే కదలట్లేదు. పెళ్ళికూతురు ఒక అడుగేసి ఆగిపోతుంది. ఆయన గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. ఏమన్నా చెయ్యగలవా?" అంది.

చవక కార్డుకు చేసేదేముంటుందని తొర్గిన్ విసుక్కుంటూనే దాని పైమూత విప్పింది. అదే కంపెనీ చేసిన ఖరీదైన కార్డు ఇంకొకటి, ఫ్యాను విరిగి, అప్పటికే ఆమె బల్ల మీద విప్పి ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. భూతద్దం తీసింది.

"ఒసే రౌషన్, ఇటు రా. ఈ రెంటికీ తేడా ఏంటో చెప్పు."

"ఒకటి నల్లమూతది, ఒకటి ఎర్రమూతది."

"రంగులు కాదే మొద్దూ! లోపల!"

చూశాను. నాకు తేడా కనపడలేదు.

"కనపడదు. ఎందుకంటే లేదు గనక. రెండూ ఒకే తల్లి బిడ్డలు. ఇల్లు కట్టి, లోపల ఒక గదికి తాళం వేసి, ఆ గదే లేదని చెప్పి లేనోళ్ళకు అమ్మారు. తాళం తీసి ఉన్నదాన్ని ఉన్నోళ్ళకు అమ్మారు. ఆ తాళం ఎక్కడుందో తెలుసా? ఇదిగో, ఈ గోరంత చిప్పులో. అదీ ఇనుప తాళం కాదు. ఉత్త రాత!"

కార్డు ఎంత వేగంగా నడవాలో, ఎంత కరెంటు తాగాలో, ఎంత వేడెక్కితే తనంతట తాను నెమ్మదించాలో, ఫ్యాను ఎప్పుడు తిరగాలో, ఏ భాగం తెరిచి ఉండాలో, ఏది మూసి ఉండాలో అంతా ఆ రాతే చెబుతుందట. ఫర్మ్‌వేర్ అంటారు దాన్ని. తొర్గిన్ ఎప్పుడూ రాత అనే అనేది. ఆ రోజు ఆమెకొచ్చిన కోపం మామూలుగా వచ్చేది కాదు. మామూలు కోపం మధ్యాహ్నం టీకల్లా దిగిపోయేది. ఇది చలికాలమంతా ఉంది.

చిప్పు కాళ్ళకు క్లిప్పు తగిలించి, దాన్ని చిన్న పరికరానికి కలిపి, లోపలి రాతను కంప్యూటర్ తెర మీదకి లాగేది. తెర నిండా అంకెలు. ఏ అంకె మారిస్తే ఏమవుతుందో చెప్పేవాళ్ళు లేరు. తన పాత కార్డుల మీద ఒక్కో అంకే మార్చి, మళ్ళీ చిప్పులోకి రాసి, మీట నొక్కేది. తెర నల్లగా ఉండిపోతే కంపెనీని, కంపెనీ పెట్టినవాణ్ణి, వాడి తాతముత్తాతలను తిట్టి, మళ్ళీ క్లిప్పు తగిలించేది. కొన్ని కార్డులు చచ్చిపోయాయి. వాటిని గోడకు మేకులు కొట్టి వేలాడదీసింది. "నా బడి ఫీజు," అనేది.

చలి తగ్గుముఖం పట్టాక ఇల్దూస్ కార్డులో మూసి ఉన్న భాగం తెరుచుకుంది. ఫ్ల్యూరా దాన్ని పట్టుకెళ్ళిన రోజు సాయంత్రం ఫోను మోగింది. తొర్గిన్ స్పీకర్ పెట్టింది. ఇల్దూస్ అరుస్తున్నాడు.

"అక్కా! పెళ్ళికూతురు నడుస్తోంది! ఆగకుండా నడుస్తోంది అక్కా!"

"నడవక కూర్చుంటుందా? ఫోను పెట్టి పని చూసుకో!" అని కసిరి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. చూశానని నన్ను కూడా కసిరింది.

ఆ తర్వాత జనం రావడం మొదలైంది. ఆటలాడేవాళ్ళు, ఇళ్ళ నమూనాలు గీసేవాళ్ళు, కంప్యూటర్ క్లబ్బులవాళ్ళు. "తొర్గిన్ చేయి పడిన కార్డు" అనే మాట ఊళ్ళో పుట్టింది. తను రాసిన ప్రతి కార్డు మూల మీదా నా గోళ్ళరంగు సీసా అడిగి ఒక ఎర్ర చుక్క పెట్టేది. అన్నిటికీ ఒకటే నియమం. వేగం పెంచేది, మూసినది తెరిచేది, కరెంటు తగ్గించేది. వేడి హద్దు జోలికి మాత్రం పోయేది కాదు. "ఆ ఒక్క గీత మాత్రం కంపెనీవాడు దొంగబుద్ధితో గీసింది కాదు," అనేది. రోజంతా నడిపి చూడకుండా ఏ కార్డునూ చేతికిచ్చేది కాదు. తొందరపెట్టినవాళ్ళను తిట్టేది.

పని ఎక్కువైన ఆ రోజుల్లోనే అత్తగారు తన చిన్నకొడుకును ఆమె కొట్లో చేర్చింది. గనిలో ఉద్యోగం ఊడి, పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిపోయి, ముప్పై దాటినా తల్లి చేతి టీ తాగుతూ ఇంట్లో కూర్చున్న మనిషి. తొర్గిన్ అతణ్ణి చిన్నదొరా అని పిలిచేది. మా కోడళ్ళు మెట్టినింటి మగవాళ్ళను పేరు పెట్టి పిలవరు. పెళ్ళైన కొత్తలోనే ఒక్కొక్కరికీ ఒక ముద్దుపేరు కట్టుకోవాలి. తను కాపురానికి వచ్చేనాటికి ఆ పిల్లాడు ఎవరి మాటా వినకుండా గుమ్మంలో కాళ్ళూపుతూ కూర్చునేవాడట. అందుకని చిన్నదొర. బజారంతా అతణ్ణి అలాగే పిలిచింది. అసలు పేరు నాకే చాలాకాలం తెలియదు.

మంచి మాటకారి. తొర్గిన్ తిట్టి పంపినవాళ్ళను వెనకాలే వెళ్ళి నవ్వించి తీసుకొచ్చేవాడు. మెట్లెక్కలేని ఇల్దూస్‌కు కావలసినవన్నీ ఇంటికి తీసుకెళ్ళి బిగించి వచ్చేవాడు. రాత చదవడం, రాయడం తొర్గిన్ అతనికి దాచకుండా నేర్పింది. "నాకు కొడుకుల్లేరు. ఉన్న కూతురికి దీని మీద ఇష్టం లేదు. చిన్నదొరకు కాక ఎవరికి నేర్పుతాను?" అంది.

అప్పుడు ఊరికి నాణేల పిచ్చి పట్టింది. కంటికి కనపడని నాణేలు. గ్రాఫిక్స్ కార్డులు రాత్రీపగలూ లెక్కలు చేస్తే పుడతాయట. పక్క ఊరు తెమిర్తావ్ వెళ్ళే దారిలో పాడుబడ్డ గోదాములన్నీ కార్డుల షెడ్లయ్యాయి. వాటిలో పెద్దది క్వానిష్ అనే అతనిది. ఒక జనవరి పొద్దున, మీసాలకు మంచు పట్టుకుని, అతనే స్వయంగా తొర్గిన్ దగ్గరకు వచ్చాడు. పెద్దవాళ్ళెవరైనా వస్తే పాలటీ పోయడం మా అలవాటు కనుక ఆమె కప్పులో టీ పోసింది. అతను రెండు గుక్కలు తాగి విషయం చెప్పాడు. తన షెడ్డులో కార్డులన్నిటికీ ఆమె రాత కావాలి. అందులో వేడి హద్దు ఉండకూడదు.

"హద్దు తీస్తే కాలిపోతాయి," అంది తొర్గిన్.

"కాలవక్కా. షెడ్డు తలుపులు బార్లా తీసిపెడతాం. బయట చలి చూస్తున్నారుగా, ఉమ్మితే నేలమీద పడేలోపు గడ్డకడుతోంది. ఎంత వేడెక్కినా ఆ చలే చూసుకుంటుంది."

"చలికాలం పోతుంది. అప్పుడు?"

"అప్పటికి అమ్మేస్తాం."

"ఎవరికి?"

"కొనేవాళ్ళకి." అతను నవ్వాడు. చిన్నదొర కూడా నవ్వాడు.

తొర్గిన్ లేచి నిలబడింది. "లే."

"టీ తాగుతున్నాను కదా అక్కా."

"ఆ కప్పు నాది. అక్కడ పెట్టి లే. కొనేవాళ్ళంటే ఎవరనుకుంటున్నావు? గొర్రెలా? వాళ్ళకు ఇళ్ళుంటాయి, ఇళ్ళల్లో మనుషులుంటారు. లే అంటుంటే!"

అతను కొట్ల వరస చివరి దాకా వెళ్ళేవరకూ ఆమె వెనకాలే నడుస్తూ అరిచింది. మేమంతా పనులాపి చూశాం. తిరిగొచ్చాక చిన్నదొర మెల్లగా అన్నాడు, "ఎందుకు వదినా అంత పెద్ద గొంతు? నెమ్మదిగా వద్దంటే సరిపోయేదిగా."

"నెమ్మదిగా అంటే మళ్ళీ వస్తాడు. రేపు ఆ కొనేవాళ్ళలో నువ్వే ఉన్నావనుకో!"

"నేనెలా కొంటాను వదినా? నాకు కంప్యూటరే లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆమెకు కోపంలో నవ్వు తెప్పించగలిగింది అతనొక్కడే. "పెద్దమనిషి కదా, వెళ్ళి ఒక మంచిమాట చెప్పి వస్తాను" అని అతను మెట్లు దిగి వెళ్ళాడు. ఏం చెప్పి వచ్చాడో మాకు తెలిసేసరికి ఏడాది దాటింది.

తర్వాతి చలికాలంలో ఊళ్ళో కరెంటు చాలక షెడ్లకు తీగలు కోసేశారు. నాణేల ధర కూడా పడిపోయింది. తెమిర్తావ్ దారిలో చప్పుడు ఆగిపోయింది. వసంతంలో బజారు నిండా కార్డులే. దుమ్ము దులిపి, అట్టపెట్టెల్లో సర్ది, కొత్తవాటిలా అమ్ముతున్నారు. చిన్నదొరకు కారు వచ్చింది. స్నేహితుడిదని చెప్పాడు. నా గోళ్ళరంగు సీసా కనపడకుండా పోయింది. ఇంట్లో ఎక్కడో పడేసుకున్నానని ఇంకోటి కొనుక్కున్నాను.

జూన్ ఎండల్లో ఒక మధ్యాహ్నం ఫ్ల్యూరా మెట్లెక్కి వచ్చింది. తలగుడ్డ జారిపోయి ఉంది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా తొర్గిన్ బల్ల దగ్గరకు వెళ్ళి, సంచిలోంచి నల్లగా మాడిన కార్డొకటి తీసి ఆమె ముందు విసిరింది. ప్లాస్టిక్ కాలిన కంపు నా కొట్లోకి కూడా వచ్చింది.

"చూసుకో! నీ చెయ్యి పడిన కార్డు! చుక్క పెట్టుకున్నావుగా, చూసుకో!"

"ఏమైంది ఫ్ల్యూరా?"

"రొట్టె కోసం కిందకి దిగాను. అంతసేపే! పైకి వచ్చేసరికి కిటికీలోంచి పొగ. కిటికీ తెర అంటుకుంది. ఆయన కుర్చీలో కూర్చుని ఒట్టి చేత్తో మంట ఆర్పుతున్నాడు. లేచి పరిగెత్తే మనిషా? కాళ్ళెటూ లేవు, ఇప్పుడు చెయ్యి కూడా తీసుకో! అక్కా అక్కా అని దేవుడి పేరులా నీ పేరు తలుచుకున్నాడు!"

ఆమె తొర్గిన్ చెంప మీద కొట్టింది. ఇరవయ్యేళ్ళుగా ఆ వరసలో అందరినీ తిట్టిన మనిషి ఒక్క మాటైనా అనలేదు. చెంప తడుముకోలేదు కూడా. ఫ్ల్యూరా ఏడుస్తూ వెళ్ళిపోయింది.

తొర్గిన్ మాడిన కార్డును దీపం కిందకు లాక్కుంది. ఒక మూల మిగిలింది. ఎర్ర చుక్క ఉంది. లావుగా, కారిపోయి ఉంది.

"నేనింత మందంగా పెట్టను," అంది.

చిప్పు కాలలేదు. ఆమె దానికి క్లిప్పు తగిలించింది. కార్డు కదలకుండా నేను పట్టుకున్నాను. తెర మీద అంకెలు పడ్డాయి. ఆమె వేలు పెట్టి ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చింది.

"ఇవి నావే. ఈ వరస కోసం ఒక చలికాలమంతా తగలబెట్టాను. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఇవి ఉండవు." వేలు కిందకు జరిగింది. ఆగింది. "ఇది నాది కాదు."

వేడి హద్దు ఉండవలసిన చోట హద్దు లేదు.

ఆ అంకెలు ఆమె కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేవు. ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది ఆమె కాక ఇంకొక్కడే. ఆ చుక్క ఏ సీసాలోదో అప్పుడు నాకూ అర్థమైంది. నా ఒళ్ళు మండిపోయింది. పక్క కొట్లోంచి సీసా ఎత్తుకుపోయి, దాంతో ఆమె పేరు గీసి అమ్మాడు. ఆ రోజు అతను బజారుకు రాలేదు.

ఆదివారం అత్తగారింట్లో భోజనం. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కోడలు కనుక తొర్గిన్ టీ పోసింది. ఆఖరి కప్పు అందించాక సంచిలోంచి మాడిన కార్డు తీసి, రొట్టెల పక్కన, తెల్ల గుడ్డ మీద పెట్టింది. ఇదంతా ఆమె చెప్పగా విన్నదే.

"తీసెయ్ దాన్ని!" అంది అత్తగారు. "రొట్టె ఉన్నచోట మసి పెడతావా?"

"ఆ మసి ఎవరు చేశారో మీ చిన్నబ్బాయిని అడగండి. చెప్తే తీసేస్తాను."

చిన్నదొర బుకాయించలేదు. "నేనొక్కణ్ణే చేశానా వదినా? ఊరంతా చేస్తోంది. క్వానిష్ వేగం అడిగాడు, ఇచ్చాను. షెడ్డులో ఒక్కటీ కాలలేదు, తెలుసా?"

"షెడ్డులో చలి ఉంది. ఇల్దూస్ ఇంట్లో ఉందా? నేను రాసిచ్చిన పాతది తీసేసి ఈ కొత్తదాన్ని నీ చేత్తో బిగించి వచ్చావుగా, కిటికీ తెర పక్కనే ఉందని కనపడలేదా? పోనీ, అమ్మేవాడివి నీ పేరు మీద అమ్ముకోవచ్చుగా, నా పేరెందుకు?"

"నా పేరు మీద అమ్మితే ఎవడు కొంటాడు?"

ఆ మాట అతను వేళాకోళానికి అనలేదట. నిజంగానే అడిగాడట.

అత్తగారు గొంతు తగ్గించింది. "జరిగిందేదో జరిగింది. ఇంటి విషయం ఇంట్లో ఉండాలి. చెయ్యి కాలినవాడికి ఏదో ఒకటి చేద్దాం. నువ్వు మాత్రం బజార్లో నోరు మూసుకో. వాడికి ఇంకా రెండో పెళ్ళి చెయ్యాలి."

తొర్గిన్ భర్త వైపు చూసింది. కైరొల్లా గిన్నెలో మాంసం ముక్కను అటూ ఇటూ జరుపుతున్నాడు. బయటికి వచ్చి బస్టాపు దగ్గర నిలబడ్డాక అతణ్ణి అడిగింది, "నువ్వేమంటావు?"

"వాడు నా తమ్ముడు."

"అది నాకు తెలియదా? ఏమంటావో చెప్పు!"

అతను బస్సు వచ్చే వైపు చూశాడు. ఆమె ఎక్కవలసిన బస్సు ఎక్కకుండా ఇంటిదాకా నడిచింది.

సోమవారం బజారు తెరిచేసరికి ఆమె కొట్టు ముందు జనం. ఇల్దూస్ సంగతి ఊళ్ళో పాకిపోయింది. ఒకడి కార్డు నుంచి పొగ వస్తోంది, ఒకడిది నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, ఒకడిది ముట్టుకుంటే వేలు కాలుతోంది. అన్నిటి మీదా ఎర్ర చుక్క. "ఇదేనా నీ పనితనం?" "పిల్లలు పడుకునే గది అది, తెలుసా?" "మా తలకాయలెక్కడ పెట్టుకోమంటావు?" తలోమాటా అరుస్తున్నారు. తొర్గిన్ మధ్యలో నిలబడి వింటోంది.

అంతలో చిన్నదొర వచ్చాడు. చేతిలో మాంసం కూరి కాల్చిన వేడి సంసాల పొట్లం. నవ్వు ముఖం. జనాన్ని అటూ ఇటూ జరిపి లోపలికి వచ్చి, చేతులెత్తి, "అన్నలూ, అక్కలూ, కోప్పడకండి. మా వదిన చేతి పనే, కాదనట్లేదు. ఎక్కడో చిన్న పొరపాటు జరిగుంటుంది. ఎంతైనా ఆడమనిషి, ఒక్కతే ఇంత పని, అలిసిపోయి..." అన్నాడు.

"బిర్జాన్," అంది తొర్గిన్.

గట్టిగా అనలేదు. అయినా వరసంతా ఆగిపోయింది. ఎదురు కొట్టు ముసలామె తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. మరిదిని, ఇంతమంది ముందు, పేరు పెట్టి. మా ఊళ్ళో కోడళ్ళెవరూ అంతకుముందు అలా చెయ్యగా నేను చూడలేదు.

అతని చేతిలో పొట్లం వంగిపోయింది. "వదినా... పేరు..."

"ఏం, సిగ్గేసిందా? నీ పేరు పెట్టి పిలిస్తేనే ఇంత సిగ్గా? నా పేరు పెట్టి మనిషిని కాల్చినప్పుడు వెయ్యలేదేం?" ఇప్పుడు ఆమె గొంతు మెట్ల దాకా వెళ్ళింది. "అందరూ వినండి! ఇతని పేరు బిర్జాన్. నా దగ్గర పని నేర్చుకుని, నా రాత దొంగిలించి, అందులో వేడి హద్దు తుడిచేసి, షెడ్డులో అరగదీసిన కార్డులకు నా చుక్క పెట్టి మీకు అమ్మాడు. అమ్మించినవాడు క్వానిష్. మీకు చెప్పాలా వద్దా అని మా ఇంట్లో నిన్న భోజనాల దగ్గర మాట్లాడుకున్నారు. నన్ను నోరు మూసుకోమన్నారు. నేను మూసుకోను!"

"వదినా, అమ్మ ఏమైపోతుందో ఆలోచించు..."

"ఇల్దూస్ చెయ్యి ఏమైపోతుందో నువ్వు ఆలోచించావా? పో! నా బల్ల ముట్టుకోకు! పో!"

జనంలో ఒకడు అతని కాలరు పట్టుకున్నాడు. తొర్గిన్ ఆ చేతిని విడిపించింది. జాలిపడి కాదు. "ఇక్కడ కొట్టకండి, కార్డులున్నాయి" అంది. అతను సంసాల పొట్లం బల్ల మీదే వదిలి, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు.

కథైతే ఇక్కడ క్వానిష్‌కు ఏదో జరగాలి. ఏమీ జరగలేదు. ఫిర్యాదు తీసుకున్న పోలీసాయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద ఉన్నది గోళ్ళరంగు. గోళ్ళరంగును నేనెలా అరెస్టు చెయ్యనమ్మా?" అన్నాడు. క్వానిష్ షెడ్డు గోడలకు సున్నం వేయించి, అద్దాల దీపాలు వేలాడదీసి, దాన్ని పెళ్ళిళ్ళ హాలుగా మార్చాడు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఇప్పుడు అక్కడే. ఆ హాలు ముందు నుంచి బస్సు వెళ్ళినప్పుడల్లా నేను తల అటు తిప్పుకుంటాను. బిర్జాన్ సముద్రం పక్క అక్తావ్‌కు పోయి లారీ నడుపుతున్నాడని విన్నాం. అత్తగారు తొర్గిన్ ముఖం చూడటం మానేసింది. పండక్కి కైరొల్లా ఒక్కడే తల్లి దగ్గరకు వెళ్ళి, మాంసం మూట కట్టుకుని వస్తే, తొర్గిన్ ఆ మూట విప్పకుండానే కింది ఇంటి వాళ్ళకు ఇచ్చేసింది. ఇద్దరూ చాలాకాలం ఒక ఇంట్లో ఇద్దరు అద్దెకున్నవాళ్ళలా ఉన్నారు.

బజారు గుమ్మం దగ్గర ఆమె ఒక కాగితం అంటించింది. ఎర్ర చుక్క ఉన్న కార్డు ఏదైనా సరే, ఎవరి దగ్గర కొన్నదైనా సరే, తీసుకొస్తే కంపెనీవాడి పాత రాత ఊరికే రాసిస్తానని. వేసవంతా అదే పని. వచ్చినవాళ్ళు ముందు ఆమెను తిట్టేవారు. తర్వాత ఆమె వాళ్ళను తిట్టేది. "వేలు కాలుతుంటే ఇన్నాళ్ళూ ఏం చేశావు? దాని మీద రొట్టె కాల్చుకున్నావా?"

కంప్యూటర్ క్లబ్బు నడిపే ఒకతను మాత్రం కార్డు తెచ్చి, విషయం విని, వెనక్కి లాక్కున్నాడు.

"పాత రాత రాస్తే వేగం తగ్గుతుందా?"

"తగ్గుతుంది."

"అయితే వద్దు. ఇలాగే ఉండనివ్వండి. నాకు దీనంత వేగం ఎక్కడా దొరకలేదు."

"ఒరేయ్, కాలిపోతుందిరా!"

"కాలినప్పుడు చూసుకుందాం అక్కా. కుర్రాళ్ళు వేగం కోసమే వస్తారు."

ఆమె అతని చేతిలోంచి కార్డు లాగేసుకోబోయింది. అతను బలంగా పట్టుకున్నాడు. బల్లకు అటూ ఇటూ ఇద్దరూ ఒక కార్డు పట్టుకుని పెనుగులాడటం మేమంతా చూశాం. చివరికి అతనే గుంజుకుని పోయాడు. ఆ రోజు తొర్గిన్ కొట్టు మూసేసి నా దగ్గర కూర్చుని, "క్వానిష్ నన్ను చూసి ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసిందే రౌషన్. కొనేవాళ్ళ సంగతి నాకంటే వాడికే బాగా తెలుసు," అంది. ఆమె ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. మర్నాడు మనిషిని పంపి ఆ క్లబ్బు గుమ్మానికి కూడా తన కాగితం అంటించింది. వాళ్ళు చింపేశారు. మళ్ళీ అంటించింది.

ఇల్దూస్ ఇంటికి మేమిద్దరం కలిసి వెళ్ళాం. తన సొంత కంప్యూటర్‌లోని కార్డు ఊడదీసి, గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళింది. ఫ్ల్యూరా తలుపు సగమే తీసింది. విషయమంతా ఆమెకు అప్పటికే తెలుసు. అయినా గొలుసు తియ్యలేదు.

"చేసింది నువ్వు కాదంట. విన్నాను. మా ఇంటికి పంపింది నువ్వే కదా వాణ్ణి?"

"నేనే," అంది తొర్గిన్.

లోపల్నుంచి ఇల్దూస్ గొంతు వినిపించింది. "ఎవరు? అక్కేనా? రానివ్వు!"

"మీరు ఊరుకోండి!" అని ఫ్ల్యూరా లోపలికి అరిచి, గొలుసు సందులోంచి చెయ్యి చాపింది. తొర్గిన్ కార్డు ఇచ్చింది. తలుపు మూసుకుంది.

ఇల్దూస్ కుడిచేతి రెండు వేళ్ళు ఇంక వంగవు. ఎడమచేత్తో పని నేర్చుకున్నాడు. ముందు ఒక పెళ్ళి పూర్తిచేసే వ్యవధిలో ఇప్పుడు సగమే అవుతుంది. అతని దగ్గరకొచ్చే పెళ్ళిళ్ళలో చాలావరకు క్వానిష్ హాల్లో జరిగినవే. ఆ అద్దాల దీపాలను అతను రోజూ తెర మీద చూడాలి.

తొర్గిన్ ఇప్పుడు కార్డుల రాత మార్చదు. అడిగినవాళ్ళను తిట్టి పంపేస్తుంది. గోళ్ళరంగు అడగదు.

మొన్న నవంబరులో, మంచు మొదలయ్యాక, ఫ్ల్యూరా మెట్లెక్కి వచ్చింది. ఆ చెంపదెబ్బ తర్వాత మళ్ళీ రావడం అదే. పలకరింపూ లేదు, నవ్వూ లేదు. తొర్గిన్ ఇచ్చిన కార్డును బల్ల మీద పెట్టింది.

"ఫ్యాను కొట్టుకుంటోంది. చూడు."

తొర్గిన్ మూత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, భూతద్దం తీసింది. "ఏంటిది? పిల్లి బొచ్చా? పిల్లిని పెంచుతున్నావా?"

"పెంచుతాను. నీకేం?"

"కంప్యూటర్ మీద పడుకోనిస్తున్నావా దాన్ని?"

"వెచ్చగా ఉంటుందని పడుకుంటుంది. నేనేం చెయ్యను, తన్ని తగలెయ్యనా?"

"వెచ్చగా ఉంటుందంటే గాలి పోయే దారి మూసి పడుకుంటోందన్నమాట! ఒకసారి కాలింది చాలలేదా? బుద్ధుందా మీ ఇద్దరికీ?"

"బుద్ధి గురించి నువ్వు మాట్లాడకు! ఎవరి వల్ల కాలింది?"

"నా వల్లే! నా వల్లే! అందుకే చెప్తున్నాను, పిల్లిని దించు!"

ఇద్దరి గొంతులూ మెట్ల దాకా వెళ్ళాయి. కింద ఎవరో ఆగిపోయి పైకి చూస్తున్నారు. నేను ఈసారి వాళ్ళకు ఏమీ చెప్పలేదు. కెటిల్ పెట్టి, ఇద్దరికీ కప్పులు తీశాను. తొర్గిన్ తిడుతూనే బ్రష్షుతో ఫ్యాను దులుపుతోంది. ఫ్ల్యూరా కోటు గుండీలు విప్పుకుని స్టూలు లాక్కుంది.